మామగారు పోసిన ఆయిల్

చిన్నల్లుడికి ఆ కారంటే ప్రాణం. చూడ్డానికి చిన్న హ్యాచ్‌బ్యాకే గాని, కాలు కాస్త ఆనిస్తే చాలు, రేసు బండిలా ముందుకు దూకుతుంది. పగలంతా మందుల షాపులో నిలబడి ఊళ్ళోవాళ్ళ దగ్గులకూ కడుపునొప్పులకూ జవాబు చెప్పొచ్చే మనిషికి, ఇంటిదారిలో ఆ గేర్లు మార్చుకోవడమే విశ్రాంతి. పొద్దున లేవగానే తనకంటే ముందు కారునే పలకరిస్తాడని భార్య చుట్టాలందరికీ చెప్పి నవ్వేది. అందులో అబద్ధమేమీ లేదు.

అలాంటి కారు రెండో గేరు దగ్గర మొండికేసింది. పొద్దున్నే బయల్దేరి మొదటి గేరు నుంచి రెండోదానికి లాగితే రాడ్డు ససేమిరా అనేది. బలవంతం చేస్తే లోపల పళ్ళు కొరికినట్టు గరగరమనేది. ఇంజను వేడెక్కాక కొంత దారికొచ్చేది గాని, మునుపటి సుఖం లేదు. మెకానిక్ క్లచ్ చూశాడు, గేరు కేబుల్ సరిచేశాడు, చివరికి చేతులు దులుపుకుని గేరుబాక్సు దించాల్సిందేనన్నాడు. చిన్నల్లుడికి మనసొప్పలేదు. రెండో గేరు జోలికి పోకుండా, మొదటిదాన్ని సాగదీసి ఏకంగా మూడోదానిలో వేసుకుంటూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు.

ఆ తర్వాత కారుతో వచ్చిన పుస్తకం తీసి తీరిగ్గా చదివాడు. చదివాక, చదవకుండా ఉంటే బాగుండేదనుకున్నాడు. తేడా గేరుబాక్సు ఆయిల్‌లో ఉంది. ఆయిల్ పోసింది మామగారు.

మామగారు లారీ షెడ్డులో హెడ్ మెకానిక్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యారు. ఇంట్లో కూర్చుంటే ఆయన చేతులు ఊరుకోవు. కుళాయిలు విప్పారు, ఫ్యాన్లు విప్పారు, కుట్టుమిషను కూడా విప్పబోతే అత్తగారు అడ్డం నిలబడింది. ఇక మిగిలింది చిన్నల్లుడి కారు. ఆయనకు పని రాక కాదు. ఇంజనుకు ఏ ఆయిల్ పడుతుందో పుస్తకం చూడకుండానే చెప్పారు, చూస్తే అక్షరం పొల్లుపోలేదు. ఆ ధైర్యంతోనే అల్లుడు గేరుబాక్సు కూడా ఆయనకే అప్పగించాడు. ఆయన ప్రేమకొద్దీ, కొట్టులో ఉన్నవాటిలో బాగా చిక్కటిది, గట్టిది ఏరి తెచ్చారు. పుస్తకంలో ఉన్న గ్రేడు నాలుగు, డబ్బా మీద ఉన్నది అయిదు. ఒకటి ఎక్కువుంటే మంచిదేగా అనుకున్నారు.

లారీ వెనక ఇరుసులో తిరిగే పళ్ళచక్రాలకు ఆ అయిదే అమృతం. ఈ కారు గేరుబాక్సులో మాత్రం ఇత్తడి రింగులుంటాయి. గేరు పడే ముందు అవి ఒక్క క్షణం పట్టు బిగించి చక్రాల వేగం కలుపుతాయి. ఆయిల్ మరీ జారుడుదైతే వాటికి పట్టు దొరకదు. చలికి ఆ చిక్కదనం ఇంకో అడ్డం. పైగా అందులో కలిపే మందు మెల్లమెల్లగా ఇత్తడిని తినేస్తుందని ఆయిల్ కొట్టాయన చెప్పాడు.

పవరెక్కువ మాత్ర ఇమ్మని అడిగేవాళ్ళందరికీ, పవరెక్కువైతే మేలెక్కువ కాదని రోజూ గడగడా చెప్పే మనిషి ఇతను. మామగారి దగ్గరికొచ్చేసరికి నోట్లో నాలుక లేనట్టయిపోయాడు. షెడ్డు పోయాక ఆ చేతిపనొక్కటే ఆయనకు మిగిలింది. అందులోనూ తప్పుపడితే మనిషి కుంగిపోతాడని అల్లుడి భయం. అది మంచితనమేనని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. కొంత పిరికితనం కూడా ఉంది, దాని పేరెత్తలేదు.

ఎవరికీ చెప్పకుండా ఆయిల్ కొట్టు వెనకున్న షెడ్డులోనే ఆయిల్ మార్పించాడు. దిగిన పాత ఆయిల్‌లో సన్నటి పసుపు నలుసులు మెరిశాయి, అరిగిన ఇత్తడి. ఇంకా మించిపోలేదులే అన్నాడు కొట్టాయన. తిరిగొచ్చే దారిలో రెండో గేరు వేలితో తోసినా పడింది. ఇల్లు దాటిపోయి, ఊరికే ఇంకో చుట్టు తిరిగొచ్చాడు.

అక్కడితో ఆగితే గొడవే లేదు. ఆ వారం మామగారు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. రెండో గేరు పడిన తీరు చూసి ఆయన మొహం వెలిగిపోయింది. కొత్త ఆయిల్ సర్దుకోవడానికి టైము పడుతుందని తాను ముందే చెప్పానన్నారు. అంతా మీ చలవేనని అల్లుడు ఓ మాట పారేశాడు. అదే కొంప ముంచింది. పెద్దల్లుడు కూడా ఇదే కారు కొన్నాడని, వచ్చే ఆదివారం దానికీ ఇదే ఆయిల్ పోస్తానని, డబ్బా కూడా తెచ్చిపెట్టానని మామగారు ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే, అల్లుడు ఊఁ కొడుతూ కూర్చున్నాడు.

రాత్రి అన్నాల దగ్గర భార్యకు సంగతంతా చెప్పాడు. ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తన తండ్రి పోసిన ఆయిల్ కంటే ఈయన చెప్పిన అబద్ధమే ఎక్కువ చిక్కగా ఉందంది. తండ్రికి తాను మాత్రం చెప్పనని, ఎవరు పోసింది వాళ్ళే కడుక్కోవాలని తేల్చేసింది.

ఆదివారం మామగారింటికి వెళ్ళేసరికి పెద్దల్లుడి కారు ఇనప స్టాండ్ల మీద ఎత్తి ఉంది. పెద్దల్లుడు బండి అప్పజెప్పి లోపల కునుకు తీస్తున్నాడు. మామగారు పాతగుడ్డ భుజాన వేసుకుని, గరాటు తుడుచుకుంటున్నారు. దారంతా కూడబలుక్కున్న తియ్యటి మాటలన్నీ చిన్నల్లుడికి ఆవిరైపోయాయి.

"ఈ ఆయిల్ దీనికి పడదు మామయ్యగారూ. రెండో గేరు పాడవుతుంది. నా కారులో మీరు పోసింది నేను తీయించేశాను. మీకు చెప్పలేదు."

మామగారు గరాటు పక్కన పెట్టి, గేరు మొరాయించింది చల్లగా ఉన్నప్పుడా వేడిమీదా అని అడిగారు. దిగిన ఆయిల్‌లో ఏం కనిపించిందన్నారు. పసుపు నలుసుల మాట వినగానే కళ్ళు మూసుకుని తలాడించారు. డబ్బా తిప్పి అంకె చూసుకుని, ఇత్తడి సంగతి తనకు తట్టనేలేదని మామూలుగా ఒప్పుకున్నారు. ఇంతేనా అని అల్లుడు ఊపిరి పీల్చుకోబోయాడు.

"షెడ్డులో ఎవడు తప్పు చేసినా అందరి ముందే అరిచేవాణ్ణి" అన్నారు మామగారు. "ఒక్క రకం వాళ్ళను మాత్రం ఏమీ అనేవాణ్ణి కాదు. ఇక వీడి పనైపోయింది, ఎలాగూ వెళ్ళిపోతాడు అనుకున్నవాళ్ళను. వాళ్ళు చేసింది వెనకనుంచి ఇంకొకడితో సరిచేయించేవాణ్ణి." గుడ్డ భుజం మీంచి తీసి మడత పెట్టారు. "నన్ను ఆ లెక్కలో వేశారు మీరు."

ఆయనను నొప్పించకూడదని తాను చేసిందంతా కలిపితే ఇంత నొప్పి అయిందని అల్లుడికి అప్పటికి అర్థమై, సిగ్గుతో నేలచూపులు చూశాడు.

ఇద్దరూ కొట్టుకెళ్ళి సరైన ఆయిల్ తెచ్చారు. వచ్చాక మామగారు కారు కిందికి దూరి, పానా తీసుకుని గేరుబాక్సు కింది బోల్టుకు తగిలించారు. కింది బోల్టు పాత ఆయిల్ దిగడానికి, పై బోల్టు కొత్తది పోయడానికి. పైది ఊడుతుందో లేదో చూసుకోకుండా కిందిది విప్పితే, ఖాళీ గేరుబాక్సుతో బండి కదలకుండా పడి ఉంటుంది. ఈ సంగతి మామగారికి తెలియకుండా ఉంటుందా? ఆయనకు తాను చెప్పడమేమిటని చిన్నల్లుడు ఊరుకోబోయాడు. పానా కొంచెం తిరిగింది.

"ముందు పైది..." అని గొణిగాడు.

"వినపడలేదు."

"ముందు పై బోల్టు విప్పాలి మామయ్యా. అది రాకపోతే కారు ఇక్కడే ఉండిపోతుంది." ఈసారి లోపల నిద్రపోతున్న పెద్దల్లుడికి కూడా వినపడేట్టే చెప్పాడు.

కింది బోల్టు మీంచి పానా తీశారు మామగారు. "టార్చి పట్టుకుని ఇటు రా" అన్నారు కింది నుంచే. "అంత దూరం నిలబడితే నీకేం తెలుస్తుంది, నాకేం కనిపిస్తుంది?"

చిన్నల్లుడు ఇస్త్రీ చొక్కాతోనే నేలమీద పడుకుని, కారు కిందికి, ఆయన పక్కకు జరిగాడు.