ఆవిరయ్యేది నీళ్ళే

"నీళ్ళల్లో చెయ్యి పెట్టావో, ముసలితనంలో ఆ చెయ్యి నీ మాట వినదు. అప్పుడు నన్ను తిట్టుకుని లాభం లేదు" అంటూ దోన్యా ఎడిల్మా కోడలి చెవుల్లో కొత్త దూది కుక్కింది. తలకు కట్టిన గుడ్డను ఇంకాస్త బిగించింది. సముద్రపొడ్డున ఉన్న శాంతామార్తా ఊరంతా ఎండకు మాడిపోతుంటే ఈ గదిలో మాత్రం బాలింతకు గాలి సోకకూడదట! కిటికీకి దుప్పటి కట్టేశారు. నలభై రోజుల పథ్యం. ముసలికోడి చారు, దాల్చినచెక్క నీళ్ళు, మళ్ళీ ముసలికోడి చారు. నయీబే ఊఁ కొట్టింది. పాపకు పాలివ్వడం, అత్తగారికి ఊఁ కొట్టడం, ఇవే ఇప్పుడామె పనులు. అందులో మొదటిదాన్ని ఆ ఇంట్లో ఎవరూ పని కింద లెక్కెయ్యరు.

దూది పెట్టుకున్నాక లోకం మెత్తబడిపోతుంది. ఫ్యాను చప్పుడు, పక్కింటి అకార్డియన్ పాట, అత్తగారి సణుగుడు, అన్నీ ఎక్కడో లోతునుంచి వస్తున్నట్టుంటాయి. పాప పాలు తాగుతూ నిద్రలోకి జారుతుంటే తనూ జారిపోతుంది. గుమ్మానికి వేలాడే కర్టెన్ సందులోంచి ముందుగదిలో ఉప్పునీటి చేపల తొట్టి వెలుగు నీలంగా వచ్చి గోడమీద కదులుతుంది. పాప బుగ్గమీదా కదులుతుంది. మంచం, పాపా, తనూ కలిసి నీళ్ళ అడుగున మెల్లగా ఊగుతున్నట్టు ఉంటుంది నయీబేకి. పెళ్ళికి ముందునుంచీ తను పెంచుకుంటున్న తొట్టి అది. పెంపకందార్ల దగ్గర్నుంచి గోరంత ముక్కలుగా తెచ్చుకుని, ఏళ్ళ తరబడి అరచేతులంత చేసుకున్న పగడాలు. చుట్టాలొస్తే అల్సీడెస్ దాని ముందు నిలబడి "చూశారా నా సముద్రం!" అంటాడు. చుట్టాలు వెళ్ళాక అవి "నీ చేపలు". పాప నవ్వితే "నా కూతురు", గుడ్డలు తడిపితే "నీ కూతురు". మొగుడి నోట్లో ఈ మాట ఎప్పుడు తిరగబడుతుందో ఆమె ముందే చెప్పగలదు.

కానీ వారంగా పగడాలు విచ్చుకోవడం లేదు. మంచంమీంచి తల ఎత్తి చూస్తే తెలుస్తూనే ఉంది. పొద్దున్నే రేకులు చాపుకునేవి, పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉన్నాయి. నారింజ చేపల జంట ఓ మూలకి చేరింది. "దిష్టి" అని తేల్చేసింది అత్తగారు. "పసిబిడ్డ ఉన్న ఇంట్లో చచ్చే చేపలేమిటి? పళ్ళ డాక్టరు అడుగుతున్నాడు, ఆయన క్లినిక్కులో పెట్టుకుంటాడు. ఆ మూల ఉయ్యాల వేసుకోవచ్చు." అప్పుడు నయీబే నిద్రమత్తులో ఊఁ అంది. అంతే, ఒప్పుకున్నట్టే! ఈ సాయంత్రం డాక్టరు మనుషులొచ్చి తీసుకుపోతారు. ఇంత పాపను ఒళ్ళో పెట్టుకుని చేపల కోసం ఏడుస్తానా అని సిగ్గుపడి, దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

కర్టెన్ అవతల అల్సీడెస్ బకెట్ ఎత్తి తొట్టిలో నీళ్ళు పోస్తున్నాడు. దూది వల్ల చప్పుడు లేదు. నీళ్ళు కలలోలాగా నిదానంగా పడుతున్నాయి. తొట్టి అంచున తెల్లగా, మందంగా ఉప్పు పేరుకుని ఉంది. అంత ఉప్పా? నయీబే లేచి కూర్చుంది.

"అల్సీడెస్, అవేం నీళ్ళు?"

"సముద్రం నీళ్ళే, ఇంకేం నీళ్ళు! రోజూ బీచ్ నుంచి మోసుకొస్తున్నా. నడుం విరిగిపోతోంది, తెలుసా?" అన్నాడు మెచ్చుకోలు కోసం చూస్తూ.

"తొట్టిలో నీళ్ళు తగ్గినప్పుడల్లా ఇవే పోస్తున్నావా?"

"మరి! వాటికి మంచినీళ్ళు పోస్తే చావవూ?"

ఆమెకు నవ్వొచ్చింది. కుట్లు లాగాయి. "ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. ఉప్పు ఎక్కడికీ పోదయ్యా! తగ్గిన మేరకి మంచినీళ్ళే పొయ్యాలి. నువ్వు రోజూ ఉప్పుమీద ఉప్పు పోస్తున్నావు."

అతని మొహం వాడిపోయింది. మరుక్షణమే ముడుచుకుంది. "నాకేమన్నా కలొచ్చిందా? ఒక్కమాట చెప్పొచ్చుగా!"

చెప్పింది. ఆ రోజు నొప్పులొస్తుంటే గోడ పట్టుకుని నిలబడి, మంచినీళ్ళున్న తెల్ల డబ్బా చూపించి, "ఇందులోవే పొయ్యి, ఇంకేవీ వద్దు" అని చెప్పింది. కారు తాళాలు వెతుక్కుంటూ సరే సరే అన్నాడు. ఒక్కమాట చెప్పొచ్చుగా! పాప గుడ్డలెక్కడున్నాయో చెప్పాలి, వాళ్ళమ్మ మాత్రలెప్పుడో చెప్పాలి, చెప్పకపోతే తప్పు తనది, చెప్పాక మర్చిపోతే మళ్ళీ గుర్తుచెయ్యనందుకు తప్పు తనదే. మరి తనకెవరు చెప్పారు? ఆస్పత్రిలో నర్సు పాపను చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది. ఆకలేడుపు వేరు, నిద్రేడుపు వేరు అని ఏ దేవుడొచ్చి చెప్పాడు? కోపమొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత కోపం. ఆ కోపంతోనే చెవుల్లో దూది లాగి పారేసింది. ఫ్యాను, పాట, తొట్టి మోటారు గురగుర, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

పాపను తెచ్చి అల్సీడెస్ చేతుల్లో పెట్టింది.

"చల్లటి నేలమీద ఉత్తకాళ్ళు! ఓరి దేవుడా, ఈ పిల్లకి పిచ్చెక్కింది!" అని దోన్యా ఎడిల్మా వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

నయీబే మగ్గు తీసుకుని మోచేతిదాకా తొట్టిలో ముంచింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఇన్ని రోజులూ భయపెట్టిన నీళ్ళు అసలు చల్లగానే లేవు! ఉప్పునీళ్ళు మగ్గుడు తీసి, తెల్లడబ్బాలోంచి మగ్గుడు పోసింది. ఒక్కసారే పోస్తే తట్టుకోలేవు, ఉప్పు రోజుకి కొంచెంగా తగ్గాలి. నారింజ చేప వచ్చి ఆమె మణికట్టు దగ్గర ఆగింది.

"డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి అత్తయ్యా, తొట్టి ఇవ్వడం లేదని."

"నువ్వేగా ఊఁ అన్నావు!"

"చెవుల్లో దూది ఉంది అత్తయ్యా."

ఇంతలో పాప గుక్కపెట్టింది. అల్సీడెస్ దాన్ని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చాడు, ఊపాడు, తల్లివైపు చూశాడు, పెళ్ళాంవైపు చూశాడు.

"నయీ, ఏడుస్తోంది. ఇప్పుడేగా పాలు తాగింది! ఏం చెయ్యాలి? చెప్పు!"

"చూడు" అంది నయీబే, చెయ్యి నీళ్ళల్లోంచి తియ్యకుండా.

"ఏం చూడాలి? నువ్వు చెప్తేనేగా నాకు తెలిసేది!"

"చేపలు నాకేమీ చెప్పలేదు, అల్సీడెస్."