పొద్దుటి పురుగుల వార్తలు

ఇజ్రాయేల్ మీద డోరాకున్న ఫిర్యాదుల్లోకెల్లా పెద్దది, ఆయన ఎన్నడూ తప్పు చేయకపోవడం. తాగడు, అరవడు, పప్పులో ఉప్పు లేకపోయినా తిని లేస్తాడు. కానీ ఒక్క తప్పూ చేయని మనిషితో కాపురం ఎంత కష్టమో, అప్పుడప్పుడు తప్పులు చేసే మొగుళ్లున్న ఆడవాళ్లకు తెలియదు. బస్సు తప్పిపోతే బస్సే ముందొచ్చినట్టు. స్టవ్ మీద పెట్టి మరచిన పాలు పొంగిపోతే పాలకే తొందరెక్కువైనట్టు.

వాళ్ల ఇల్లు నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో. ఆయన ఉద్యోగం గన్‌ఫౌండ్రీలో ఒక చిన్న సహకార బ్యాంకులో. అక్కడి కంప్యూటర్లను వైరస్‌ల బారిన పడకుండా చూసే ముగ్గురికి ఇజ్రాయేల్ పెద్ద. అది రెండువేల నాలుగు. కంప్యూటర్లకు వారానికో కొత్త జబ్బు వచ్చే రోజులు. ఏ దేశంలో ఏ వైరస్ పురుగు బయల్దేరిందో చెప్పే సైట్లన్నీ తిరిగి చూసే ఓపిక లేక, ఆయన ఒక ప్రోగ్రాం రాసిపెట్టాడు. తెల్లవారేసరికి అది తనంతట తానే లేచి, ఫోన్ లైనెక్కి, హెచ్చరికలన్నీ పోగేసి, ఒక్క కాగితానికి కుదించి, ఇంట్లో ప్రింటర్ మీద అచ్చు వేసి, ఆఫీసులో ముగ్గురికీ మెయిల్ కూడా చేసేది. ఆ కాగితాన్ని ఇజ్రాయేల్ కుటుంబ ప్రార్థనకు ముందు, వాక్యం చదివే గొంతుతోనే పైకి చదివేవాడు. చివర ఆమెన్ అనాలో వద్దో తెలియక డోరా దగ్గి ఊరుకునేది.

ఫోన్ లైనుకు తగిలించిన మోడెం కీచుమనే వేళకు ఆమెకు సగమే మెలకువ. మిగతా సగంలో పురుగులు నాంపల్లి స్టేషన్లో రైలు దిగేవి. ఒకదానికి మంకీ క్యాపు, ఇంకోదాని చంకలో గొడుగు. మంచులో ఆబిడ్స్ దాకా తేలుతున్నట్టు నడిచి, మూసిన షట్టర్లను వేలితో తట్టి చూసేవి. ఆదివారమైతే ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య చతికిలబడి పేజీలు తిప్పేవి. ఎవరూ తలుపు తీయకపోతే ఇరానీ చాయ్ తాగి, మర్యాదగా వెళ్లిపోయేవి.

వాటిలో గ్రే ఫెదర్ అనేదాన్ని డోరా మరచిపోలేకపోయింది. చెవి మీద బూడిదరంగు ఈక పెట్టుకుని, కిరాయికి గది వెదికేవాడిలా ప్రతి గుమ్మం ముందూ ఆగేది. కాగితంలో దాని పేరు ఒక్కసారే వచ్చింది. కలలోకి మాత్రం వస్తూనే ఉంది.

ఆ వేళ చదవడం అయ్యాక ఇజ్రాయేల్ కాగితం మడిచి, "పదింటికి మేనేజర్ శ్రీరామమూర్తిగారి దగ్గరికి పోవాలె. మనస్వినిని ఉంచుడా తీసేసుడా, నా మాట మీదనే ఉంది" అన్నాడు.

మనస్విని ఆ ముగ్గురిలో చిన్నది. ముందురోజు ఎవర్నీ అడక్కుండా గౌలిగూడ శాఖలో కంప్యూటర్ల నెట్‌వర్క్ వైర్లన్నీ పీకేసింది. వచ్చిన జనమంతా తిరిగిపోయారు. సాయంత్రం డోరాకు ఫోన్ చేసి ఏడ్చింది. "సార్ కాగితంల ఆ పురుగు లేదంటున్రు అక్కా. కానీ నేను సైట్లల్ల రోజూ చూస్తున్న. ఇంట్ల మా నాయనకు ఏమని చెప్పాలె?"

"ఎందుకు పీకిందట?" అంది డోరా, తెలియనట్టు.

"గ్రే ఫెదర్ వస్తున్నదట. కాగితంల లేంది ఎట్ల వస్తది?"

"అయితే అది చచ్చిందా?"

"ఏది?"

"గ్రే ఫెదరే. అప్పుడెప్పుడో చదివిన్రు. మళ్ల దాని పేరే ఎత్తలే."

"చెప్పిందే చెప్తే ఎవరు చదువుతరు డోరా? ఒక్కసారి వచ్చిన పేరు మళ్ల తేవద్దని ప్రోగ్రాంల నేనే రాసిన. చూడు, కాగితం ఎంత నీట్‌గ ఉందో!"

డోరా చాయ్ కప్పు కింద పెట్టింది. "మా స్త్రీల సమాజంల లోయిస్ వాళ్ల అత్తమ్మ మోకాలి కోసం వారం వారం ప్రార్థన చేస్తం. ఆమె తన కాళ్ల మీద గుడికి వచ్చేదాక పేరు తియ్యం. మీ లెక్కన మొదటి వారమే దేవునికి చెప్పేసినం. ఇంక ఆయన్ని సతాయించొద్దు."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏం లేదు. మోకాలు మాత్రం ఇంకా నొస్తనే ఉంది."

ఇజ్రాయేల్ కప్పు నోటి దాకా తెచ్చి ఆగాడు. తర్వాత లేచి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ప్రోగ్రాంలో పాత పేర్లను ఆపే ఒక్క వరుస తీసేసి మళ్లీ నడిపించాడు. మోడెం కీచుమంది. ప్రింటర్ కదిలింది. ఈసారి ఒక్క కాగితంతో ఆగలేదు. కాగితం బల్ల దాటి, కుర్చీ దాటి, తెల్లటి నదిలా నేల మీదికి జారుతూనే ఉంది. అన్నిటికన్నా పైన గ్రే ఫెదర్. దాని కిందా గ్రే ఫెదర్. ఇన్నాళ్లుగా అన్ని సైట్లూ మొత్తుకుంటున్నది దాని గురించే. చిన్న బ్యాంకుల కంప్యూటర్లనే వెదుక్కుంటూ వస్తోంది, మందు వేసేదాకా వైర్లు తీసి ఉంచండి, అని.

కిటికీ బయట సందంతా మంచులో మునిగి ఉంది. తొమ్మిదిన్నరకు శాఖలన్నీ తెరుస్తారు. ఇజ్రాయేల్ మోడెం తీగ పీకి ఫోన్‌కు తగిలించి, మేనేజర్ ఇంటికి కలిపాడు.

"నమస్తే సార్. చిన్న పొరపాటు ఒకటి జరిగినట్టుంది." అవతల నుంచి ఏదో అడిగారు. "ఎవరిదంటే... ప్రోగ్రాం జర సరిగ్గ చూడలే సార్."

డోరా వంటింటి గడపలో నిలబడింది.

"ప్రోగ్రాం రాసింది ఎవరంటే..." ఆయన నుదురు తుడుచుకున్నాడు. ఆ చలిలో కూడా చెమట. "సార్, ముందు అన్ని శాఖలల్ల వైర్లు తీయించున్రి. గౌలిగూడల మనస్విని చేసిందే కరెక్టు. ఆ పిల్లను ఏమనకున్రి. తప్పు నాది."

అవతల సరిగా వినిపించలేదేమో, ఇజ్రాయేల్ గొంతు పెంచాడు.

"ఔ సార్, నాదే. తప్పు నేనే చేసిన."