అమాస నాటి దశమి మెయిలు

రెండు వేల తొమ్మిదిలో సూర్యాపేటలో ‘రజని డిటిపి అండ్ ఇంటర్నెట్’ అనే దుకాణానికి రెండు బోర్డులుండేవి. ఒకటి దుకాణం పేరు. రెండోది ‘మీరు చెప్పిన ముహూర్తానికే మెయిలు’. పెళ్లికార్డులు అచ్చేసే రజనికి ఆ రెండో బోర్డు కట్టే ధైర్యం వచ్చింది కోదాడ కృపాకర్ కృప వల్ల. కంప్యూటర్లు బాగుచేసే ఈ కృపాకర్ మూడు రోజుల కిందటే వచ్చి, ఆమె మెయిలు ప్రోగ్రాముకు ఒక ప్లగ్గిన్ తగిలించి పోయాడు. దాని సెట్టింగుల్లో గంటా నిమిషం పెడితే చాలు. మెయిలు అవుట్‌బాక్సులో బుద్ధిగా కూర్చుని, ఆ ఘడియ రాగానే తనంతట తానే బయల్దేరుతుంది. ముహూర్తం తెల్లవారుజామునైనా రజని నిద్ర చెడదు. మెయిలు వల్ల ఇంత మేలా అని ఆమె మురిసిపోయింది.

మేలు మూడు రోజులకే మూలబడింది.

ఆ రోజు చివ్వెంల వైపు నుంచి సోమన్న, రాములమ్మ బస్సు దిగి వచ్చారు. సోమన్న గొర్లు కాసే మనిషి. గొర్రెను చూసి దాని అమ్మమ్మ ఎవరో చెప్పగలడు. వాళ్ల బిడ్డ సరితకు పెళ్లి కుదిరింది. తొలి కార్డు మేనమామకు పోవాలి. ఆ మేనమామ, అంటే రాములమ్మ తమ్ముడు నగేష్, మస్కట్‌లో ఒక కంపెనీ లారీ నడుపుతున్నాడు. ఎంత మస్కా కొట్టినా మస్కట్ మేనేజరు కరగలేదు. తన మెయిలుకు కార్డు వస్తేనే సెలవు, ఆ సాయంత్రంతో సెలవుల జాబితా ముగింపు అన్నాడు. ఇక్కడ సరితదీ ఒకటే మాట:

“మామ ఎత్తుకొచ్చి కూసోబెడితేనే పీటల మీద కూసుంట. లేకుంటే పీటల మీద మీరే కూసోండ్రి!”

అన్నీ బాగానే ఉన్నాయి, ఆ రోజు అమావాస్య కావడం తప్ప. శుభకార్యపు తొలి కార్డు అమాస నాడు గడప దాటకూడదు. సోమన్న గోడ మీది క్యాలెండరు చూశాడు. కంప్యూటర్ తెర మూలనున్న తారీఖు చూశాడు.

“బిడ్డా, గీ డబ్బాల తారీఖు దాని చేతిల ఉంటదా, నీ చేతిల ఉంటదా?”

“నా చేతిలనే పెద్దనాయినా.”

“ఇంకేంది మరి! పోయిన దశమికి తిప్పు. కార్డు దశమి నాడు పోయినట్టే అయితది.”

పంచాంగం చెప్పేవాళ్లకు కూడా తట్టని ఉపాయం. పెద్దమనిషి మాట కాదనలేక రజని తారీఖును ఐదు రోజులు వెనక్కి తిప్పింది. తిథి మారింది. తిథితో పాటే స్థితీ మారింది.

కార్డు జతచేసి, మంచి ఘడియ పెడదామని చూస్తే ప్లగ్గిన్ సెట్టింగులే లేవు! నిన్నటిదాకా టూల్స్ కింద ఉన్నవి ఉన్నట్టే మాయం. మా వైపు చెట్టును సెట్టంటారు కదా, సెట్టింగులు గానీ సెట్టెక్కాయా అని రజని తెరంతా పైకీ కిందికీ వెతికింది. ఇటు మెయిలేమో అవుట్‌బాక్సులో బిగుసుకుని కూర్చుంది. పేరుకు అవుటు, వరస చూస్తే నాటౌటు.

రజని కోదాడకు ఫోను చేసింది.

“కృపాకరన్నా, ప్లగ్గిన్ సెట్టింగులు మాయమైనయ్.”

“మాయమెందుకవుతాయమ్మా, అవేమన్నా రేషన్ కిరసనాయిలా? టూల్స్ నొక్కు.”

“నొక్కిన.”

“ఆప్షన్స్ కింద చూడు.”

“కింద ఇగ బల్లనే ఉందన్నా.”

“ప్రోగ్రాం మూసి మళ్లీ తెరువు.”

మూసింది, తెరిచింది. కంప్యూటర్ ఆపమంటే ఆపింది, పెట్టమంటే పెట్టింది.

“నిజం చెప్పు, ఏమన్నా ముట్టుకున్నావా?”

“అయ్యో, ఏం ముట్టలేదన్నా!”

“మేం సుత ముట్టలే సారూ!” అని సోమన్న ఫోను లేకపోయినా కోదాడకు వినబడేంత గట్టిగా అరిచాడు.

ఇద్దరూ అబద్ధమాడలేదు. గోడ మీది క్యాలెండరు కాగితం చింపితే గోడను ముట్టుకున్నట్టా? తారీఖు తిప్పడమూ వాళ్ల లెక్కలో అంతే.

“గొర్రె తప్పిపోతే అడుగులు సూసి పట్టుకొస్త,” అన్నాడు సోమన్న దిగులుగా. “గీ సెట్టింగులకు కాళ్లుంటయా బిడ్డా?”

“నీకు నోరుంది, సాలు,” అంది రాములమ్మ. “పొద్దు గుంకుతున్నది. ముందుగాల నా తమ్ముని లీవు సంగతి సూడుండ్రి.”

చివరికి కృపాకర్, “ప్లగ్గిన్ సంగతి తర్వాత చూద్దాం. దాన్ని డిసేబుల్ చేసి, సెండ్ నొక్కు,” అన్నాడు. రజని నొక్కింది. అవుట్‌బాక్సు ఖాళీ అయింది.

“సూసినవా దశమి మహిమ!” అంటూ సోమన్న అందరికీ చాయ్ చెప్పాడు.

చాయ్ సగం తాగేసరికి సోమన్న సెల్లుకు మస్కట్ నుంచి నగేష్ ఫోను.

“బావా, కార్డు పంపినవా, కథలు పంపినవా? మేనేజర్ ముంగటనే నిలబడ్డ. కొత్తగ వచ్చినయన్ని సూశిండు, నీది లేదు. ఇంకో గంటైతే లిస్టు ఖతం!”

“పోయిందిరా బామ్మర్దీ! దశమి నాడే పోయింది!”

“దశమి నాడా? మరి ఇన్నొద్దులు ఏం జేస్తున్నవ్?”

సోమన్న నోరు కూడా అవుట్‌బాక్సే అయింది. ఫోను రాములమ్మ చేతిలో పెట్టాడు.

రజని పంపిన మెయిళ్ల జాబితా తెరిచింది. పైన ఉండాల్సిన కార్డు పైన లేదు. కిందికి, ఇంకా కిందికి పోతే ఐదు రోజుల కిందటి మెయిళ్ల మధ్య ముడుచుకుని ఉంది. అక్కడ మేనేజరు డబ్బాలోనూ అంతే. ఈ ఐదు రోజుల్లో వచ్చిన వందల మెయిళ్ల అడుగున పడింది.

“కిందికి జరిపి సూడమను తమ్మీ,” అంది రాములమ్మ ఫోనులో.

“ఆయన కుర్సీల నుంచే జరగడక్కా, నా మాటకు మెయిళ్లు జరుపుతడా?”

రజని నాలుక కరుచుకుని కృపాకర్‌కు మళ్లీ ఫోను చేసి అసలు సంగతి చెప్పింది. అవతల కృపాకర్ పగలబడి నవ్వాడు.

“నేను ప్లగ్గిన్ పెట్టింది మూడు రోజుల కిందట. నువ్వేమో ఐదు రోజులు వెనక్కి పోయావు. నీ కంప్యూటర్ లెక్కలో అదింకా పుట్టనే లేదు తల్లీ! పుట్టని పిల్లకు బారసాల చేస్తామంటే ఎట్టా? తారీఖు సరిగ్గా పెట్టి మళ్లీ పంపు.”

సరిగ్గా పెట్టడమంటే అమావాస్య పెట్టడం. సోమన్న మౌసుకు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

“వద్దు బిడ్డా! తొలి కార్డు అమాస నాడు పోతే, రేపు పిల్లకేమన్న అయితే?”

రాములమ్మ ఆ చేతిని తీసి అవతల పెట్టింది.

“నీ బిడ్డ పుట్టిందే అమాస నాడు. ఆనాడు దశమికి తిప్పమని మంత్రసానికి చెప్పినవా? సల్లగ పెరగలేదా పిల్ల? మేనమామ లేకుండ అది పీటలెక్కదు. అది ఎక్కకుంటే మనకు దినాం అమాసే. పంపు బిడ్డా, ఎవరడ్డమొస్తరో సూస్త!”

సోమన్న భార్య వైపు చూశాడు. తెర వైపు చూశాడు. మెల్లగా తలూపాడు.

రజని తారీఖు సరిచేసి ప్లగ్గిన్‌ను తిరిగి లేపింది. అలిగిన అల్లుడు ఇంట్లోకి వచ్చినట్టు సెట్టింగులన్నీ వచ్చి కూర్చున్నాయి.

“ఇగ వచ్చినయ్ గద! జర మంచి ఘడియన్న పెట్టు...”

“నీ ఘడియతోని నా తమ్మునికి గడియ వెడ్తవా? ఇప్పుడే పంపు!”

మెయిలు వెళ్లింది. ఎవరూ చాయ్ ముట్టలేదు. సోమన్న కళ్లు మూసుకుని ఏ దేవుడికి ఏ గొర్రెను మొక్కుతున్నాడో, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఫోను మోగింది.

“బావా, లీవైంది! పది దినాలడిగితే పదిహేనిచ్చిండు!”

“ఎక్కువెట్ల ఇచ్చిండురా?”

“ఇప్పటి మెయిల్ సూశి, ఇంకేమన్న పంపిన్రా అని నీ ఊరి పేరు కొట్టి ఎతికిండు. దశమి నాటిది దొరికింది. ‘ఐదు దినాల కింద కార్డొస్తే నాకు చెప్పరా’ అని ఆఫీసుల అందరిని తిట్టిండు. నాకు సారీ చెప్పిండు బావా! పోయిన ఐదు దినాలు లీవుల కలిపిండు.”

సోమన్న ఒక్కసారిగా లేచి తలపాగా సర్దుకున్నాడు.

“ఏమే, అమాస పని జేసిందా, దశమి పని జేసిందా?”

“గాడ కదలకుండ నిలబడ్డ నా తమ్ముని కాళ్లు పని జేసినయ్,” అంది రాములమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

సోమన్న వినలేదు. కుర్చీని రజని దగ్గరికి లాక్కున్నాడు.

“బిడ్డా, ఇంకా శానమందికి పంపేదుంది. అందరికి రెండేసి పంపు. ఒకటి ఇయ్యాలటిది, ఒకటి దశమిది.”

రజని మౌసును తీసి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద కప్పింది.