తొడిగి చూపించండి

మధ్యాహ్నం ఒంటిగంట దాటినా నర్సు గిరిజ ఇంకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అమెరికాలో కాపెల్‌ ఊరి దగ్గరి ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీలో మంచాలన్నీ నిండిపోయి, నడవాలో స్ట్రెచర్లు వేశారు. అలాంటి వేళ మేనేజర్ రఘువీర్ ఆమెను మందుల గదిలోకి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

జనవరిలో అంటురోగాల డ్రిల్ జరిగిందనీ, రక్షణ సూటు తొడగడం, విప్పడం రఘువీరే స్వయంగా నేర్పాడనీ అందులో ఉంది. నేర్చుకున్నవాళ్ళలో జూనియర్ నర్సు దేదీప్య పేరు. సాక్షిగా గిరిజ సంతకం పెట్టాలి.

"దేదీప్య సూటు తీసేటప్పుడు మిస్టేక్ చేసింది. రిపోర్ట్‌లో అదే రాస్తున్నాం. తనిఖీకొచ్చిన స్టేట్ హెల్త్ వాళ్ళు హాల్లో వెయిట్ చేస్తున్నారు. తొందరగా సైన్ చేయండి గిరిజగారూ."

గిరిజకు ఒళ్ళు మండిపోయింది. మూడు వారాల కిందట విదేశం నుంచి వచ్చిన ఒకాయన, మండే జ్వరంతో, ఎర్రబారిన కళ్ళతో నాలుగు గంటలు హాల్లోనే కూర్చున్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగిన నాథుడు లేడు. దేదీప్య సూటు అడిగితే, "ఫ్లూకి అంత సీన్ వద్దు" అని అలమర తాళం ఇవ్వనిది ఈ రఘువీరే. మామూలు గౌనుతో ఆయన దగ్గరికెళ్ళిన ఆ పిల్ల ఇప్పుడు అదే రోగం అంటుకుని గాజుగోడ వెనక గొట్టాల మధ్య పడి ఉంది. మాట పడిపోయే ముందు ఫోన్లో, "నేనేం తప్పు చేశానక్కా?" అని అడిగింది.

"అసలు తను సూటే వేసుకోలేదు కదా సార్!"

"మనలో మనం తెలుగువాళ్ళం. మీ గ్రీన్ కార్డ్ ఫైల్ సంగతి కూడా చూసుకోవాలిగా!" నవ్వాడు రఘువీర్.

ఆ నవ్వుతో ఆమెలో భయం చచ్చిపోయింది. తిన్నగా హాల్లోకి నడిచి, కాగితాన్ని తనిఖీ అధికారిణి ముందు పెట్టింది.

"ఇందులో రాసిందేదీ జరగలేదు. నేను సంతకం పెట్టను" అంది ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా. "నేర్పింది తనేనంటున్నాడుగా, ఒక్కసారి తొడిగి చూపించమనండి."

అధికారిణి, వెనకే వచ్చిన రఘువీర్ వైపు తిరిగింది. "చూపించండి."

అలమర తెరిచాడు. సీలు విప్పని పెట్టెలు. సూటు తలకిందులుగా పట్టుకుని తిప్పాడు. కాళ్ళు దూర్చబోయి తూలాడు. నర్సులు ఒక్కొక్కరే వచ్చి గుమిగూడారు.

"గిరిజగారూ, కొంచెం ఈ జిప్..." గొణిగాడు.

గిరిజ చేతులు కట్టుకుంది. ఇంత కసి తనలో ఉందని ఆమెకే తెలియదు. అది ఇంకా తీరలేదు.

"మీరే వేసుకోండి సార్, తొందరేం లేదు" అంది తెలుగులో. "తర్వాత విప్పి కూడా చూపించాలి. ప్రాణాల మీదికి వచ్చేది అప్పుడే."