కబేళాకి అడ్డం పడ్డ ఎద్దు

మా కౌంటీ రైతులం సొంతంగా కట్టుకుంటున్న కబేళాకి మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. మూడుసార్లూ బంగారు రంగు వేసిన పారలు పట్టుకుని ఫొటోలు దిగాం, చిల్లీ అనే మాంసం కూర, దాల్చినచెక్క బన్నులు తిని ఇళ్ళకి పోయాం. మొదటిసారి తవ్విన గుంటలో రెండోసారికి గడ్డి మొలిచింది. మూడోసారికి కప్పలు చేరాయి. ఆ కంపెనీకి సెక్రటరీని నేనే, పేరు ట్వైలా.

మొదటి శంకుస్థాపన నాడు మా అక్క ఆర్లీన్ మొగుడు, మైలో బావ, ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి అందరి ముందూ మాటిచ్చాడు. "ఈ కబేళాలోకి నడిచే మొదటి పశువు నాదే" అని. అక్కడికక్కడే ఓ ఎర్ర కోడెదూడ చెవికి ఒకటో నంబరు బిళ్ళ వేయించాడు. నెబ్రాస్కాలో మా వైపు మాటిచ్చి తప్పినవాడి గురించి మనవలు కూడా కాఫీ హోటల్లో చెప్పుకుంటారు.

ఆలస్యానికి కారణాలు మొదట్లో నిజమైనవే. మురుగునీటి చెరువుకి అనుమతి రావడానికి ఏడాదిన్నర పట్టింది. మాంసం చల్లబరిచే యంత్రం రావడానికి ఇంకో ఏడాది. ఇంజనీరేమో పెళ్ళి చేసుకుని ఒరెగాన్ చెక్కేశాడు. నాలుగో ఏటికి ఎలాగో గోడలు లేచాయి, కప్పు పడింది, కొక్కేలు వేలాడాయి. ఇక తెరవడమే తరువాయి అనుకునేసరికి మా బావకి సందేహాలు మొదలయ్యాయి.

నేల వాలు సరిగ్గా లేదన్నాడు. మళ్ళీ మళ్ళీ కొలిచారు. తలుపు రంగు చూస్తే పశువులు బెదురుతాయన్నాడు. రంగు మార్చారు. ఉత్తరపు గాలి వీస్తే వాసన చర్చి మీదికి పోతుందేమో, ఒక చలికాలం చూద్దామన్నాడు. అదీ చూశాం. గాలి ఎటు వీచినా చర్చికి ఏమీ కాలేదు, అది పదకొండు మైళ్ళ అవతల ఉంది మరి. మా చైర్మన్ ఆర్విడ్ మాత్రం "మైలోకి ఎంత ముందుచూపు" అని మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం అక్కకి గిన్నె తిరిగిచ్చేద్దామని వెళ్తే కొట్టం వెనక నుంచి బావ గొంతు వినిపించింది.

"లియొనార్డ్, కాస్త ఇటు తిరగరా నాయనా. ఆ చెవి వెనక కూడా గోకనీ."

మా దగ్గర తినబోయే పశువుకి పేరు పెట్టరు. నంబరు ఉంటుంది, అంతే. పేరు పెట్టారంటే అది ఇంట్లో మనిషి కింద లెక్క, దాన్ని ముద్ద కింద ఎవరూ దింపుకోలేరు. తొంగి చూశాను. పికప్ ట్రక్కంత ఎర్ర ఎద్దు, చెవికి ఒకటో నంబరు బిళ్ళ, అరమోడ్పు కళ్ళు.

"లియొనార్డ్ ఎవరు బావా?"

బావ చేతిలోని బ్రష్షుని వీపు వెనక దాచాడు. "ఎవరూ లేరు. రేడియో."

"రేడియోకి చెవి వెనక దురద పెట్టిందా?"

బావ బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు. "మీ అక్కకి చెప్పకు."

"అక్కకి తెలుసులే" అంది అక్క వంటింటి కిటికీలోంచి. "వాడికి పుట్టినరోజు కేకు చేసిందెవరనుకున్నావ్?"

"మాట వెనక్కి తీసుకుంటే పోయేదిగా" అన్నాను.

"మా సెడ్లాచెక్‌ల ఇంట్లో ఎవడూ మాట తప్పలేదు" అన్నాడు బావ.

"అవును, నేల వాలు మాత్రం నాలుగుసార్లు కొలిపించారు."

నవ్వాను గానీ ఒళ్ళు మండిపోయింది. నెలాఖరులోగా తెరిచే తీర్మానం చేయకపోతే అనుమతి చెల్లదు, మళ్ళీ మొదటికి. నూట నలభై కుటుంబాలు ఏటా పశువుల్ని పరాయివాళ్ళ ఫ్యాక్టరీకి తోలి, వాళ్ళు చెప్పిన ధరకి తలాడించి వస్తున్నాయి. ఇదంతా ఒక ఎద్దు చెవి వెనక దురద కోసమా?

ఆఖరి మీటింగుకి సర్కారు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. తీర్మానం చదవగానే ఇంకో సందేహంతో బావ చెయ్యి లేచింది. ఆయన నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను.

"మేడమ్, ఇక్కడ ఎంత వయసు పశువు దాకా తీసుకుంటారు?"

"ముప్పై నెలల లోపువే. మీ లైసెన్సు అంతవరకే. పళ్ళు చూసి చెప్పేస్తాను."

"ఐదేళ్ళదైతే?"

"గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాను."

బావ చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు. "అందరి ముందూ మాటిచ్చానండీ. ఐదేళ్ళు ఎదురుచూశాను. ఏం చేస్తాం, చట్టం చట్టమే కదా" అన్నాడు. ఇద్దరు ముసలమ్మలు ఆయన్ని ఓదార్చారు. తీర్మానం నిమిషంలో నెగ్గింది.

నా తెలివికి నేనే మురిసిపోతూ మినిట్స్ రాసుకుంటుంటే ఆర్విడ్ అడిగాడు. "మరి మొదటిది ఎవరిది?"

"మా మరదలి నల్లకోడె ఉందిగా" అన్నాడు బావ నా వైపు చూడకుండా. "ఇరవై నెలలది. పేరు కూడా లేదు దానికి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకేమంటాను, సరేనన్నాను.

తెరిచే రోజు పొద్దున కోడెని నేనే తోలుకొచ్చాను. ముప్పై ఏళ్ళలో ఎన్ని వందల పశువుల్ని అమ్మానో. లారీ ఎక్కించేవాళ్ళం, లారీ మలుపు తిరిగేది, మేం కాఫీకి పోయేవాళ్ళం. ఆ చివరి తలుపు నాలుగొందల మైళ్ళ అవతల ఎక్కడో, ఎవరిదో. ఇప్పుడది మాది. గొళ్ళెం మీద చెయ్యి పెట్టాక గానీ తెలియలేదు, ఇన్నేళ్ళూ మేం కట్టుకున్నది దీన్నని. కోడె నా భుజం మీద వెచ్చగా ఊపిరి వదిలింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేకపోయాను.

బావ వచ్చి పక్కన నిలబడ్డాడు. దొరికిపోయాను, ఇక వెక్కిరిస్తాడనుకున్నాను.

"నేను తీయనా?" అన్నాడు మెల్లగా.

"అక్కర్లేదు."

గొళ్ళెం తీశాను. కోడె లోపలికి వెళ్ళింది.

ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. "రెండోది ఎవరిది?"

నూట నలభై మందీ అక్కడే ఉన్నారు. ఒకడు ఫోను తీశాడు, ఒకడు ఆకాశం కేసి చూసి వానొచ్చేలా ఉందన్నాడు. మా అందరిలోకీ పెద్ద మంద ఉన్నాయన కాసేపు బూట్లు చూసుకుని అన్నాడు.

"రెండోది రేపు పెట్టుకుంటే ఏం?"

ఎవరూ కాదనలేదు.

"సరే, తీర్మానం చెయ్యండి, రాసుకుంటాను" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.