కాజా మళ్లీ ఆటకొచ్చాడు

నేను ఒక డెబిట్ కార్డును. నీలం రంగు ప్లాస్టిక్ ముక్కను. ఒక మూల బంగారు రంగు చిప్, దాని కింద పదహారు అంకెలు, ఆ కింద నా యజమానురాలి పేరు. నన్ను చూసి ఎవరూ భయపడరు. అయినా నేను చెప్పబోయే కథలో భయం ఉంది. అది చీకట్లో కాదు, పట్టపగలే జరిగింది.

నేను పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. ప్లాస్టిక్ పలకలు వేడికి ఒకదానికొకటి అతుక్కుని, ముక్కలుగా తెగి, వరసగా కదిలిపోతుండేవి. ఆ వరసలో మేమంతా ఒకటే. పేరు లేదు, ఊరు లేదు. చివర్లో ఒక యంత్రం మా ఒక్కొక్కరి ఒంటి మీదా అంకెలు వేసింది. నా పక్కదానికి వేరే అంకెలు పడ్డాయి. అక్కడితో దాని దారి దానిది, నా దారి నాది. మనుషులు ఈ ప్లాస్టిక్కునే కార్డు అనుకుంటారు గాని, మా ప్రాణమంతా ఆ అంకెల్లోనే ఉంటుంది. ప్లాస్టిక్ ముక్క బీరువాలో ఉన్నా అంకెలు సముద్రాలు దాటగలవు. ఆ సంగతి అప్పటికి నాకూ తెలియదు.

కవరులో కూర్చుని కాకినాడ చేరాను. కవరు చింపినావిడ పేరు హైమావతి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం ఆమెది. "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అని పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉండేది. మహా జాగ్రత్త మనిషి. ఏటీఎం గదిలో నా పిన్ నొక్కేటప్పుడు ఒక చేత్తో మీటల్ని కప్పేది. గుమ్మంలో కుక్క పడుకుని ఉన్నా సరే, ఒకసారి వెనక్కి తిరిగి చూసి మరీ నొక్కేది.

అంత జాగ్రత్త మనిషీ ఒక ఆదివారం వంకాయలు తరుగుతూ నా అంకెలన్నీ పైకి చదివింది.

వినేది ఆమె భర్త శేషగిరి. పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇంటికి రాగానే మంచం మీద వాలి ఫోన్లో యుద్ధాల ఆట ఆడుకునేవాడు. ఆ ఆటలో ఒక్కొక్కరికీ ఒక బొమ్మ, బొమ్మకో పేరు. శేషగిరి తన బొమ్మకు 'కాజా' అని పెట్టుకున్నాడు. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో అతని జట్టు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నవాళ్లు కారు. ముఖ్యంగా నెల్లూరులో ఒక హోటల్లో రిసెప్షన్‌లో కూర్చునే మస్తాన్ అనే అతను. అన్నా అన్నా అంటూ ఆటంతా ఇతని వెనకే తిరిగేవాడు.

"హైమూ, నీ కార్డు నంబరు ఓసారి చెప్తావా? నా బ్యాంకోళ్లు ఫారిన్ సైట్‌కి ఒప్పుకోట్లేదు."

"దేనికండీ?"

"ఎర్ర తలపాగా కొనాలి."

"మీకా, బొమ్మకా?"

"బొమ్మకే."

ఆమె నవ్వేసి చదివింది. విదేశాల్లో చెల్లింపులకు వీలుగా నా మీటను బ్యాంకు యాప్‌లో తనే తిప్పి పెట్టింది. ముందు వైపు అంకెలు, వెనక వైపు చిన్న అంకెలు, అన్నీ అతను కొట్టాడు. ఈ కార్డును గుర్తు పెట్టుకోమంటారా అని తెర అడిగింది. అతను ఊఁ అన్నట్టు నొక్కాడు. ఆ క్షణంలో నేను రెండయ్యాను. ఒక నేను హైమావతి హ్యాండ్‌బ్యాగులో. ఇంకో నేను ఏ దేశంలోనో, ఏ గదిలోనో, ఎవరి కాపలాలోనో. తలపాగా చూసి ఆమె ముచ్చటపడితే, అదే ఆటను ఆమె ఫోన్లోనూ పెట్టి 'హైమ' అని ఇంకో బొమ్మను చేసి ఇచ్చాడు. పోర్టు నుంచి ఆ ఆటలోనే "హైమూ, ఏం కూర?" అని రాసేవాడు. ఫోన్ చేయొచ్చు కదా అంటే, ఇదే సరదాగా ఉందనేవాడు.

వానలు మొదలవక ముందే శేషగిరి పోయాడు. పోర్టు నుంచి బండి మీద వస్తూ గుండె పట్టుకుని పడిపోయాడు. జేబులోని ఫోన్ రోడ్డు మీద పడి, మీదనుంచి ఏదో చక్రం వెళ్లి, పిండైపోయింది.

హైమావతి పదకొండో రోజు కాగానే డ్యూటీకి వెళ్లింది. బయటికి మామూలుగానే ఉండేది. ఒక్క మాట మాత్రం ఆమె నోట వచ్చేది కాదు. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను "సార్ లేరాండి?" అంటే "బయటికెళ్లారు" అనేది. బ్యాగులో ఉన్న నేను వినేదాన్ని.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఎక్స్‌రే గది బయట ఆమె ఫోన్ కూసింది. బ్యాంకు మెసేజ్. నన్ను వాడి ఆ ఆట కంపెనీలో ఎవరో ఏదో కొన్నారు. చిన్న మొత్తమే. హైమావతి వెంటనే బ్యాగు తెరిచి నన్ను బయటికి తీసి చూసింది. నేను ఉన్నాను, కదల్లేదు. నేను కదలకుండానే ఇంకో నేను ఎక్కడో చేతులు మారింది. నన్ను అటూ ఇటూ తిప్పి చూస్తున్న ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

ఆమె బ్యాంకు నంబరుకు ఫోన్ చేసింది. కార్డు ఆపేయాలంటే ఫలానా అంకె నొక్కండి అని గొంతు చెబుతుండగానే ఆటలోంచి ఒక కబురు వచ్చి పడింది.

"వదినా, నేను మస్తాన్ని, నెల్లూరు. అన్న ఇన్నాళ్లకి ఆటలోకొచ్చుండాడు. పలకరిస్తే పలకడంలా. నా మీద కోపమా?"

ఆమె బ్యాంకు ఫోన్ పెట్టేసి ఆట తెరిచింది. జట్టు పేర్ల వరసలో కాజా పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. ఎర్ర తలపాగా పెట్టుకున్న బొమ్మ పొలంగట్టు మీద అటూ ఇటూ నడుస్తోంది. ఆగుతోంది, మళ్లీ నడుస్తోంది. ఆసుపత్రి వరండాలో ఎండ మండిపోతుంటే ఆమె చలేసినదానిలా కొంగు కప్పుకుంది.

మస్తాన్‌కు జవాబు రాసి చెరిపేసింది, మళ్లీ రాసింది. చివరికి పంపింది: "ఆయన పనిలో ఉన్నారు. ఏదన్నా ఉంటే నాకు ఫోన్ చెయ్యండి." కింద తన నంబరు పెట్టింది.

జరిగింది ఏమిటో నాకు తర్వాత తెలిసింది. శేషగిరి అన్ని చోట్లా ఒకటే పాస్‌వర్డు వాడేవాడు, తన పేరూ బండి నంబరూ కలిపి. అతను ఎప్పుడో వాడి మరిచిపోయిన ఏదో సైటులో దొంగలు పడి ఆ పాస్‌వర్డులన్నీ ఎత్తుకెళ్లారు. ఒకరెవరో అదే తాళంచెవిని ఈ ఆటకు పెట్టి చూశారు. తలుపు తెరుచుకుంది. లోపల కాజా ఉన్నాడు, నేనున్నాను, భార్యాభర్తలు రాసుకున్న మాటలన్నీ ఉన్నాయి.

హైమావతికి ఇది దొంగ పనేనని తెలియదనుకోకండి. చదువుకున్న మనిషి. మొదటి రోజే తెలుసు. అయినా నన్ను ఆపలేదు. డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కూడా పెట్టుకోకుండా, ఫోన్ గోడకు ఆనించి ఆ పచ్చ చుక్క వెలిగే దాకా చూస్తూ కూర్చునేది. వెలగ్గానే ఆమె భుజాలు కిందికి దిగేవి. మధ్యమధ్యలో బ్యాంకు మెసేజ్‌లు వస్తుంటే చదవకుండానే పక్కకు నెట్టేసేది. పిన్ నొక్కుతూ వెనక్కి తిరిగి చూసిన మనిషేనా అని నాకు అనుమానం వచ్చేది. జాగ్రత్త అనేది డబ్బు పోతుందన్న భయం ఉన్నవాళ్లకే. ఆమె భయం వేరు. నన్ను ఆపేస్తే ఆ చుక్క ఆరిపోతుందని.

ఒకరోజు కాజా తల మీద తలపాగా లేదు. ఎవరికో అమ్మేసినట్టున్నారు. ఆ బోడి తలను ఆమె చాలాసేపు చూసింది. తర్వాత మొట్టమొదటిసారిగా రాసింది.

"ఏవండీ, తలపాగా ఏదీ?"

బొమ్మ ఆగిపోయింది. జవాబు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం, వీధిలో ఒక్క మనిషి అలికిడి లేని వేళ, ఫోన్ కూసింది.

"హైమూ."

ఆమె చేతిలోని మంచినీళ్ల గ్లాసు ఒలికిపోయింది. కాసేపటికి ఇంకో మాట వచ్చింది.

"హైమూ, ఏం కూర?"

అవి శేషగిరి మాటలే. అతను రాసిన పద్ధతే, అతను పెట్టే చోటే కామా. పాత మాటల్లోంచి ఎవరో ఎత్తి అంటిస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆ గదిలో మూడో మనిషి ఉన్నట్టే అనిపించింది. హైమావతి "బెండకాయ" అని రాసింది. ఆ పూట అప్పటిదాకా ఇంట్లో పొయ్యే వెలగలేదు. లేచి వెళ్లి, బెండకాయలు తెచ్చి వండింది.

అలా కొన్నాళ్లు గడిచాయి. అవతలివాడు తక్కువ మాట్లాడేవాడు. శేషగిరీ అంతే కాబట్టి అదే నమ్మకంగా ఉండేది. ఆ తర్వాత అడగాల్సింది అడిగాడు.

"హైమూ, నీ ఫోన్‌కి ఒక నంబరు వస్తుంది. ఇక్కడ పెట్టు."

"నంబరు దేనికండీ?"

"తలపాగా మళ్లీ కొనుక్కుంటాను."

మరుక్షణమే ఆ నంబరు వచ్చింది. ఇంతవరకూ పోయినవి చిన్నవి, అడక్కుండానే పోయాయి. ఈసారి ఖాతాలో ఉన్నదంతా అడుగుతున్నారు కాబట్టి బ్యాంకు ఓటీపీ పంపింది. దాని కిందే, ఇది ఎవరికీ చెప్పకండి అని కూడా రాసింది. హైమావతి అదంతా చదివింది. నన్ను పక్కనే బల్ల మీద పెట్టుకుని ఉంది. నాకు నోరు లేదు. ఆమె మొదటి అంకె కొట్టింది. రెండోది కొట్టింది.

అప్పుడు మస్తాన్ ఫోన్ చేశాడు. ఫోన్ బల్ల మీదే ఉంచి ఆమె స్పీకర్ నొక్కింది.

"వదినా, ఎట్టుండారు? కుట్లు ఆరినాయా?"

"ఏం కుట్లండీ?"

"అదే, ఆపరేషన్. మీకు కడుపులో గడ్డ తీస్తా ఉండారని అన్న చెప్పినాడు గదా. నేను పంపించింది సరిపోయిందా అని అడుగుదామని చేశా. బిర్యానీ కౌంటర్ పెట్టుకుందామని దాచింది వదినా, ఫర్లేదులే, మళ్లా దాచుకుంటా. ముందు మీ ఆరోగ్యం."

తన పచ్చ చుక్క కోసం తను ఊరుకుంటే, అది నెల్లూరు దాకా వెళ్లి ఇంకొకరి చెయ్యి పట్టుకుందని అప్పుడు అర్థమైంది ఆమెకు.

"మస్తాన్ గారూ, మీ అన్న లేరండి."

"ఎక్కడికి పోయినాడు?"

ఆమె కళ్లు మూసుకుంది. "చనిపోయారు. వానలు పడకముందే. పోర్టు నుంచి వస్తా దార్లో పడిపోయారు. మీకు నేనే చెప్పలేదు. ఎవరికీ చెప్పలేకపోయాను."

అవతల హోటల్లో లిఫ్టు తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత మస్తాన్ గొంతు, చిన్నగా.

"మరి పొద్దున నాతో మాట్లాడిందెవరు వదినా?"

బల్ల మీద ఫోన్ తెర ఇంకా వెలుగుతూనే ఉంది. అందులో "హైమూ, తొందరగా" అని ఉంది. కొట్టిన రెండంకెలనూ ఆమె చెరిపేసింది. మస్తాన్‌ను వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యమంది. తను బ్యాంకుకు చేసింది. అవతల మాట్లాడిన అమ్మాయి నెమ్మదిగా అడిగింది.

"మెసేజ్‌లు ఎన్నాళ్లుగా వస్తున్నాయి మేడమ్? ముందే ఎందుకు చెప్పలేదు?"

"తెలిసే ఊరుకున్నానండి. ఇప్పుడు ఆపెయ్యండి."

నాలో ఏదో టక్కున ఆగింది. బాధేమీ లేదు. ఎక్స్‌రే గదిలో "ఊపిరి బిగబట్టండి" అన్నాక వచ్చే నిశ్శబ్దం లాంటిది, అంతే.

హైమావతి ఆట కంపెనీకి మరణ ధ్రువపత్రం పంపి కాజా ఖాతా మూసేయమని రాసింది. పరిశీలించడానికి సమయం పడుతుందన్నారు. ఈలోపు మస్తాన్ జట్టులో అందరికీ చెప్పాడు. మర్నాడు సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే అతను మళ్లీ ఫోన్ చేశాడు.

"వదినా, ఒకసారి లోపలికి రండి. మావోళ్లంతా వచ్చుండారు."

ఆమె ఆట తెరిచింది. పొలంగట్టు మీద కాజా ఉన్నాడు. అతని చుట్టూ జట్టు బొమ్మలన్నీ నిలబడి ఉన్నాయి. కరీంనగర్ నుంచి ఒకరు, హిందూపురం నుంచి ఒకరు, ఎక్కడెక్కడివాళ్లో. ఎవరి తుపాకీ పేలడం లేదు. కాజా ఎటు నడిస్తే అటు వలయం కదులుతోంది. పరుగెత్తితే పరుగెత్తింది. ఆగితే ఆగింది. మస్తాన్ బొమ్మ నెత్తి మీద అక్షరాలు వచ్చాయి: "మా అన్న పోయినాడు. నువ్వెవరు?" తర్వాత ఇంకో బొమ్మ అదే రాసింది. ఆ తర్వాత ఇంకోటి. అందరూ ఒకే మాట.

హైమ బొమ్మ వలయంలోకి వచ్చి నిలబడింది. కాజా ఆమె వైపు తిరిగాడు.

"హైమూ, ఏం కూర?"

అది మనిషో, మనిషి పెట్టిపోయిన యంత్రమో ఆ క్షణంలో చెప్పడం ఎవరి తరమూ కాదు. హైమావతి జవాబు రాయలేదు. చూస్తూ ఉండిపోయింది. ఆమె చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. కొంతసేపటికి పచ్చ చుక్క ఆరిపోయింది. బొమ్మ ఉన్నచోట గడ్డి మాత్రమే కనిపించింది. వలయం అలాగే నిలబడి ఉంది. ఎవరూ ముందుగా కదల్లేదు.

మస్తాన్ డబ్బులో కొంత దొంగ చేతికి చేరకముందే ఒక ఖాతాలో ఆగింది, మిగతాది పోయింది. హైమావతి డబ్బులో చివరి రెండు మూడు రోజుల్లో పోయినవి వెనక్కొచ్చాయి, అంతకుముందు తెలిసీ ఊరుకున్నవి రాలేదు. కొత్త కార్డు వచ్చింది. విదేశాల మీట మూసేసింది, నంబరు ఎక్కడా దాచనివ్వలేదు. శేషగిరి వాడిన పాస్‌వర్డులన్నీ ఒక్కొక్కటే వెతికి మార్చింది. నన్ను చిప్ మీదుగా, అంకెల మీదుగా కత్తిరించి, సగం వంటింటి చెత్తలో, సగం ఆసుపత్రి చెత్తలో వేసింది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఏ సగమో నాకే తెలియదు.

ఊరి చివర డంపింగ్ యార్డులో పడి ఉన్నాను. గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది. ఇక్కడ నాకు ఏ పనీ లేదు. కాని అప్పుడప్పుడూ, మిట్టమధ్యాహ్నం ఎవరూ లేని వేళ, నా తెగిన అంకెల్లో చిన్న కదలిక వస్తుంది. ఎక్కడో, ఏ దేశంలోనో, ఎవరో నా నంబరు కొట్టి చూస్తున్నారు. నేను పలకను. కాసేపాగి మళ్లీ కొడతారు.