ఎండలో తప్పిన లెక్క

రాయపూర్ నుంచి ఆరంగ్ వెళ్లే రోడ్డు మీద ఈశ్వర్ నడిపే పెట్రోలు బంకులో ఆ రోజు ఫణిశ్రీ తెచ్చిన యంత్రానికి పరీక్ష. పంపు పోసిన పెట్రోలును ఆ యంత్రం తనంతట తనే కొలుస్తుంది. వేడికి పెట్రోలు ఉబ్బుతుంది కాబట్టి, ఆ మేరకు లెక్క సవరించి, తేడా ఉంటే చెబుతుంది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు సరేనంటేనే రాయపూర్‌లో ఆమె పనిచేసే చిన్న కంపెనీకి ఊపిరి. "ఇదొక్కటి గట్టెక్కించు, ఫణీ," అన్నాడు కంపెనీ యజమాని డేనియల్, ఆమె బయలుదేరుతుంటే.

పొద్దున్న నీడలో ఉన్న పంపులన్నీ సరిగ్గానే తేలాయి. ఇన్‌స్పెక్టరు సంతోషంగా ఢాబాకి భోజనానికి వెళ్లాడు. ఆయన వచ్చేలోగా చివరి పంపు కూడా చూద్దామని ఫణిశ్రీ యంత్రాన్ని అక్కడికి తోసింది. బంకు కప్పు అక్కడితో అయిపోతుంది. మే నెల ఎండ నేరుగా పడుతోంది.

తెర మీద ఎర్రగా వెలిగింది: తక్కువ.

మళ్లీ పెట్రోలు పట్టింది. ఇంకా తక్కువ చూపించింది.

ఆ పంపు దగ్గర పనిచేసేది దాలమ్మ. శ్రీకాకుళం నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. క్యూలో ఉన్న ఆటోవాళ్లు తెర వైపు చూసి కేకలు మొదలుపెట్టారు. "రోజూ ఇలాగే దోచుకుంటోంది!" అన్నాడొకడు హిందీలో. ఈశ్వర్ పరుగున వచ్చాడు.

"ఏం చేశావ్ దాలమ్మా? లోపల ఏమైనా గడ్‌బడ్ చేయించావా?"

"నానేటీ సెయ్యలేదు బాబూ! మా అమ్మతోడు!"

"మిషన్ అబద్ధం చెప్తుందా? పైపు పక్కన పెట్టు. నీ లెక్క తర్వాత చూస్తా."

దాలమ్మ పైపు తగిలించి పంపుకి ఆనుకుని నిలబడిపోయింది.

ఫణిశ్రీ మూడోసారి పట్టింది. లోటు మరింత పెరిగింది. మోసం చేసే పంపైతే ప్రతిసారీ ఒకేలా తగ్గాలి గానీ, ఎండ ముదిరేకొద్దీ పెరగడమేమిటి? వంగి యంత్రం వెనక చూసింది. వేడి కొలిచే తీగ పెట్రోలులోంచి ఊడి, ఎండకి కాలిపోతున్న యంత్రం రేకుకి అంటుకుని ఉంది. భూమిలోపలి నుంచి చల్లగా వచ్చిన పెట్రోలుని యంత్రం మరిగిపోతోందనుకుని లెక్క కోసేస్తోంది.

పక్కకి వెళ్లి డేనియల్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఇన్‌స్పెక్టరు చూశాడా?" అన్నాడతను.

"ఇంకా లేదు సార్."

"అయితే ఆయన వచ్చేలోగా తీగ సరిగా పెట్టేసి మళ్లీ పట్టు. ఎవరికీ ఏమీ చెప్పకు."

ఎంతో సేపు పట్టే పని కాదు. తీగ లోపలికి తోసి బిగించింది. మళ్లీ పట్టబోతుంటే దాలమ్మ దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఇప్పుడు సరిగ్గా సూపిస్తే, నానే భయపడి దొంగతనంగా ఏదో తీసేసినానంటారు కదా?"

ఫణిశ్రీ పట్టడం ఆపేసింది. అవును, అలాగే అంటారు. రోడ్డవతల ఇన్‌స్పెక్టరు చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు. కంపెనీ, డేనియల్, తన ఉద్యోగం, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి.

"సార్," అంది ఆయన దగ్గరికి రాగానే. "ఈ పంపుని మీ కొలపాత్రతో పట్టి చూడండి. మా యంత్రం తప్పు చూపించింది."

ఇన్‌స్పెక్టరు ఆమె వైపు విచిత్రంగా చూశాడు. పాత్ర తెప్పించి నింపాడు. పెట్రోలు సరిగ్గా గీత దగ్గర ఆగింది.

"అందరికీ ఇనపడేలా సెప్పండమ్మా," అంది దాలమ్మ. "నన్ను అందరిలోనే అన్నారు."

ఫణిశ్రీ ఆటోవాళ్ల వైపు తిరిగి హిందీలో గట్టిగా చెప్పింది. "తప్పు పంపుది కాదు, ఈమెదీ కాదు, నా యంత్రానిది." క్యూలో గుసగుసలు ఆగాయి. ఈశ్వర్ తల గోక్కుని, "పోనీలే దాలమ్మా, బండ్లు ఆగిపోయాయి," అన్నాడు. ఆమె అతని మొహం చూడకుండానే పైపు తీసుకుంది.

"ఈసారికి పాస్ చెయ్యలేను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "బాగుచేసి తీసుకురండి. అప్పుడు యంత్రాన్ని ఎండలోనే పెట్టి చూస్తాను."

వ్యాన్‌లో కూర్చున్నాక డేనియల్‌కి జరిగిందంతా చెప్పింది.

"ఆ తీగ ఎలా ఊడింది?" అన్నాడు డేనియల్, అలసిపోయిన గొంతుతో. "వచ్చేటప్పుడు యంత్రాన్ని ఉన్నదున్నట్టే తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం."